తమ్ముడికీ ఒక వంతు

ఇంజనీరును కదా, వంతెనల గురించి చెబుతాననుకున్నారేమో. ఈ బడిలోనే చదివిన మా అక్క గురించి చెబుతాను.

మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. వీధిలో పిల్లలు వాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. పరుగెత్తొచ్చు, ఔటవడు, లెక్కలోకి రాడు. పెద్దవాళ్లకది దయగానే కనిపించేది. అక్క ఒప్పుకోలేదు. ఏడుపెంకులాటలో బంతి విసరడం వాడికి కష్టం, పెంకులు పేర్చడం ఇష్టం. వారం రోజులు పెరట్లో అదే చేయించి, తన జట్టులో వేసుకుంది. "వీడికి బంతి తగిలితే వీడూ ఔటే" అని షరతు పెట్టింది. మొదటిసారి ఔటైనప్పుడు వాడు గోలగోల చేశాడు. అక్క పక్కన కూర్చోబెట్టుకుని, మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది. కొన్నాళ్లకు పిల్లలే గుమ్మం దగ్గరికొచ్చి వాణ్ణి పిలిచేవారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళ పక్కన ఎవరు కూర్చోవాలో చట్టం చెప్పలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. అలాంటి పిల్లవాడు చేరితే, వాడి అక్కనో అన్ననో పిలిచి అడగండి: వాడు దేనికి నవ్వుతాడు, దేనికి బెదురుతాడు? తన ఆటలు ఎన్ని మానేసిందో కూడా అడగండి. మా అక్కను అది ఎవరూ అడగలేదు.