ఎత్తు ఎక్కడ పెట్టారు?

వినుకొండవారికి మొగలు కట్టడాల మీద మమకారం నేను నేర్పనక్కర్లేదు. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టిన గుర్రం జాషువా తాజ్‌మహల్ మీద 'ముంతాజు మహలు' కావ్యమే రాశారు. ఆ తాజ్ కంటే ముందు లేచిన ఒక దర్వాజా గురించీ, మన హైదరాబాదు మసీదు ఒకదాని గురించీ ఈ వేళ చెబుతాను.

పెద్ద కట్టడం ముందు నిలబడి "అబ్బ, ఎంత ఎత్తో!" అనేసి వచ్చేస్తాం. ఆ ఎత్తును కట్టించినవాళ్ళు ఎక్కడ పెట్టారు, ఎక్కడ వద్దనుకున్నారు? ఈ ఒక్క ప్రశ్న వెంట తీసుకెళ్ళండి.

ఆగ్రా దగ్గర ఫతేపూర్ సిక్రీలో అక్బరు 1571 ప్రాంతంలో జామా మసీదు కట్టించాడు. కొన్నేళ్ళకు దాని దక్షిణపు వైపు బులంద్ దర్వాజా లేచింది. గుజరాత్ గెలిచినందుకు కట్టించాడని అంటారు. దాని మీది 1601 నాటి పారశీక శాసనం మాత్రం దక్కన్ విజయాన్ని చెబుతుంది. మెట్లతో కలిపి సుమారు 54 మీటర్లు. ఎర్ర ఇసుకరాయి, అందులో పొదిగిన తెల్ల పాలరాయి.

కింద నుంచి చూస్తే చక్రవర్తి దర్పమే కనిపిస్తుంది. మెట్లెక్కి ఆ పెద్ద కమాను కిందికి రండి. నెత్తిన సగం గుమ్మటం, వెనక గోడలో మనుషులు నడిచే మామూలు వాకిళ్ళు. లోపలికి వెళ్ళాక తప్పకుండా వెనుదిరిగి చూడండి. దర్వాజా వెనకవైపు అంచెలంచెలుగా తగ్గుతూ ప్రాంగణం చుట్టూ ఉన్న వసారాల వరుసకు దిగివస్తుంది. ఊరివైపు రాజసం, నమాజు చేసేవారివైపు అణకువ. నా మటుకు నాకు ముందువైపు కంటే ఈ వెనకవైపే గొప్పది. అటు తిరిగితే ఆ ఎరుపంతటి నడుమ సూఫీ గురువు షేక్ సలీం చిష్తీ సమాధి పాలరాతి తెలుపు.

ఇక చార్మినారు పక్కనున్న మక్కా మసీదుకు రండి. 1617లో మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టాడు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయాక ఔరంగజేబు 1694లో ముగించాడు. ఇక్కడ లెక్క తలకిందులు. బయటి ద్వారం చిన్నది, ఎత్తంతా ప్రార్థన మందిరానిదే. వరసగా అయిదు కమానులు, 75 అడుగుల ఎత్తు. సిక్రీలో చూసిన పొదుగుడు రంగులు ఇక్కడ వెతక్కండి. ఇది గ్రానైటు, ఉలికి సులువుగా లొంగదు. అందం బరువులో ఉంది, ఆ బరువును మోస్తున్న కమాను వంపులో ఉంది. మిహ్రాబు (ప్రార్థన దిక్కు చూపే గూడు) రాయి ఒక్కదాన్నే గని నుంచి తీయడానికి అయిదు వందల పైచిలుకు మంది అయిదేళ్ళు పనిచేశారనీ, 1400 ఎద్దులు లాగి తెచ్చాయనీ ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. ఆ ఎద్దులను తోలినవారి, ఆ రాయిని మలిచినవారి పేర్లు మనదాకా రాలేదు. నా దండం ముందు వాళ్ళకు.

మందిరం రెండు కొసల్లోని మీనార్లను చూడండి. కప్పు దాటిన కాసేపటికే ఆగిపోతాయి. అంత పెద్ద గోడల పక్కన అవి పొట్టిగా అనిపించడం మీ కంటి తప్పు కాదు.

హైదరాబాదు వెళితే చార్మినారు ఎలాగూ చూస్తారు. నమాజు వేళ కాకుండా చూసుకుని, చెప్పులు విడిచి ఈ ఆవరణలోకి కూడా వెళ్ళండి. దూరం నుంచే కొలవకండి. ఒక కమాను కింద ఎవరైనా నిలబడేదాకా ఆగి, ఆ మనిషిని కొలబద్దగా పెట్టుకుని చూపును మెల్లగా పైకి తీసుకెళ్ళండి.