మరల మ్రోగిన హార్మోనియము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఉద్యోగధర్మమున బస్తరుకు వచ్చిన తెలుగువారికి బీజాపూరు బొత్తిగా పరాయిచోటు కాదు. 2007లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతమునకు పడమటి దిక్కున భోపాలపట్నము కలదు. ఆ దాపుననే ఇంద్రావతి గోదావరిలో కలియుచున్నది. గోదావరి దాటినచో తెలంగాణము. ఈ సీమ సంతలలో తెలుగు, గోండి, హల్బీ, హిందీ కలగలిసి వినబడును. భాషలు నాలుగైనను భజన పందిరిలో శ్రుతి నిలుపు పెట్టె ఒక్కటే. తెలుగువారి రామభజనకును అదియే, ఛత్తీస్‌గఢ్ మానస మండలులవారి తులసీరామాయణ గానమునకును అదియే. ఆ పెట్టె హార్మోనియము.

ఇంతగా ఇంటిదైన ఈ వాద్యము మన దేశమున పుట్టినది కాదు. ఆర్గను జాతికి చెందిన ఈ వాద్యమునకు పారిసు నగరమున డెబేన్ అను నతడు 1842లో పేటెంటు పొందెను. కాళ్లతో తిత్తి త్రొక్కుచు, రెండు చేతులతో మెట్లు నొక్కుచు వాయించు వాద్యమది. తిత్తిలోని గాలి ఇత్తడి నాలుకలను కదిలింప నాదము పుట్టును. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ దానిని నేల మీద కూర్చుండి ఒక చేత తిత్తి ఊదుచు వాయింపదగిన చిన్న పెట్టెగా మార్చెను. అంతట అది దేశమంతట వ్యాపించెను.

తెలుగు నాటకరంగమున హార్మోనియమునకు దక్కిన గౌరవము గొప్పది. నటుడు పద్యమెత్తుకొనకముందే శ్రుతి అందించునది అది. పద్యాంతమున రాగము తీయునపుడు వెంట నడచునది అది. ఊపిరి తీసుకొనునపుడు ఆ ఖాళీని నింపునదియు అదియే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయముల పద్యములు పల్లెపల్లెకు ప్రాకినవన్నచో కవుల ఘనత, నటుల కంఠము ఎంత కారణమో, రంగస్థలము ముందు కూర్చున్న హార్మోనిస్టు వ్రేళ్లును అంత కారణము. ధ్వనివర్ధకములు లేని కాలమున వేలమంది నడుమ వినబడగల శ్రుతి మరియొకటి ఏది?

ఇట్టి వాద్యమునకు 1940 మార్చి 1వ తేదీన ఆకాశవాణి తలుపులు మూసికొనెను. సంగీత ప్రసారములలో హార్మోనియము వాడరాదని నిషేధము వచ్చెను. ఈ నిర్ణయము పరప్రభుత్వపు అధికారుల చాపల్యము మాత్రమే అనుకొనుట న్యాయము కాదు. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీత శాఖను చూచిన జాన్ ఫౌల్డ్స్ ఈ వాద్యమును తీవ్రముగా విమర్శించెను. రవీంద్రనాథ ఠాగూరు సైతము దీనిని అంగీకరింపలేదు. వారి వాదమున బలము కలదు. హార్మోనియమున స్థాయికి పండ్రెండు మెట్లే. ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు జారుటకు వీలు లేదు. గమకమే ప్రాణమైన సంగీతమునకు ఇది పెద్ద కొరత. వీణపై తంతిని లాగి పలికించు స్వరము ఈ పెట్టెపై పలుకదు.

వాదము సత్యమే. అయినను ఉత్తరువు వెళ్లిన దారి వేరు, జనము నడచిన దారి వేరు. 1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసిన నాటికిని నిషేధము అమలులోనే యుండెను. ఆ రేడియో వినిన ఊరిలోనే రాత్రి నాటకమునకు హార్మోనియము మ్రోగుచుండెను. గుడిలో, భజనమఠములో, హరికథలో, సంగీత పాఠము చెప్పు ఇంటిలో అది నిలిచినది. ముప్పది యేండ్ల పిదప, 1971లో, నిషేధము సడలినది. అదియును పూర్తిగా కాక, కొన్ని నియమములతో. హార్మోనియము తిరిగి వచ్చినదని మనమనుచున్నాము కాని, అది ప్రజల నడుమ నుండి ఎన్నడును పోలేదు. తిరిగి వచ్చినది ఆకాశవాణియే.

ఇట్టి కథ విదేశములందును కలదు. అమెరికాలో 1935లో వెలువడిన హేమండ్ విద్యుదార్గను నీగ్రో జాతీయుల ప్రార్థనాలయములలో స్థిరపడి, అచ్చట నుండి సోల్, ఫంక్ అను జనసంగీతములకు ప్రాణమైనది. మెంఫిస్ నగరమున బుకర్ టి. అను ఆర్గనిస్టు నడపిన ‘ఎం.జీ.స్’ బృందము 1962లో ఒక్క వాద్యగీతముతో జగత్ప్రసిద్ధమయ్యెను. 1975లో వారి డ్రమ్ము వాద్యకుడు హత్యకు గురి అయ్యెను. ఆ దశాబ్దము నడుమనే ఆ పాత తరహా ఆర్గనుల తయారీయు నిలిచిపోయినది. అయినను వాయించువారు పాత పెట్టెలను బాగుచేసికొనుచు కాపాడిరి. ఆ బృందము 1994లో క్రొత్త సంపుటముతో మరల వినవచ్చెను. కర్మాగారము విడిచినను కళాకారుడు విడువలేదు.

మన సురభి చరిత్రయు ఇట్టిదే. కడపజిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకముతో వనారస గోవిందరావు కుటుంబము ప్రారంభించిన ఆ సంప్రదాయము సినిమా వెల్లువలో చిక్కి క్షీణించినది. పలు సమాజములు మూతపడినవి. 1937లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి నిలిచినది. గుబ్బి వీరన్న కంపెనీలో బాల్యము గడపిన బి.వి.కారంత్ 1990లలో వారితో క్రొత్త నాటకములు చేయించెను. మండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అనగా సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ లభించెను. 2022లో ఆయన కీర్తిశేషులైరి.

ఇక బీజాపూరు మాట. ఇచ్చటి తెలుగు కుటుంబముల పిల్లలు హిందీలో చదువుకొనుచున్నారు. తెలుగు లిపి రాని బాలుడైనను హార్మోనియము శ్రుతిలో ఒక పద్యము నేర్చినచో, భాష వానికి చెవి ద్వారా దక్కును. అది పాఠ్యపుస్తకము వలన కాని పని. అయితే ఒక జాగ్రత్త అవసరము. దోర్ల, మాడియా పల్లెల పాటలకు డోలు చాలును, వాని స్వరములు మన పండ్రెండు మెట్లలో ఇముడవు. ఆ పాటలపై ఈ పెట్టెను రుద్దుట, ఆనాడు ఈ పెట్టెను వెలివేసిన దానివంటి తప్పే యగును.

ఉత్తరువులు వ్రాయుట, వానిని అమలు జరుపుట మన వృత్తి. ప్రజలు ఏమి వినవలెనో నిర్ణయించుటకు పూర్వము వారేమి వినుచున్నారో ఒకసారి చెవియొగ్గుట మంచిదని ఈ చిన్న పెట్టె మనకు చెప్పుచున్నది. సంఘ కార్యాలయమున దుమ్ము పట్టియున్న హార్మోనియమును ఈ రాత్రి ఎవరైన తెరచి, ఒక పిల్లవానిని దాని ప్రక్కన కూర్చుండబెట్టినచో ఈ ఉపన్యాసము సార్థకమగును.

స్వస్తి.