ముందు వెళ్లినవాళ్లు

(ఊళ్లో మహిళా సంఘం కూర్చున్నప్పుడు చదివి వినిపించే ప్రసంగం)



పి.వి. సింధు పేరు మీరంతా వినే ఉంటారు. బ్యాడ్మింటన్ ఆటలో ఆమె 2016లో వెండి పతకం గెలిచింది. 2021లో కంచు పతకం గెలిచింది. ఆ రెండూ ఒలింపిక్స్‌లో వచ్చినవి. ఒలింపిక్స్ అంటే నాలుగేళ్లకు ఒకసారి జరిగే పెద్ద ఆటల పోటీలు. లోకంలోని దేశాలు దాదాపు అన్నీ వాటికి వస్తాయి.

గెలిచినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. మరి మన దేశం నుంచి మొదట్లో వెళ్లినవాళ్లు ఎవరు? ఎట్లా వెళ్లారు? డబ్బు ఎవరిచ్చారు? ఆ సంగతి ఈ రోజు చెప్పుకుందాం.

ఆరుగురు బయలుదేరారు

అప్పుడు మన దేశం తెల్లవాళ్ల పాలనలో ఉంది. పూణే పట్నంలో పరుగు పందేలు జరిగాయి. పల్లెల నుంచి వచ్చిన సేద్యగాళ్లు పరుగెత్తారు. వాళ్ల కాళ్లకు చెప్పులు కూడా లేవు. దొరాబ్జీ టాటా అనే పెద్ద వ్యాపారి అది చూశాడు. వీళ్లు లోకం ముందు ఎందుకు పరుగెత్తకూడదు అనుకున్నాడు. తన డబ్బు పెట్టాడు. ఇతరుల దగ్గర చందాలు తీసుకున్నాడు.

1920లో ఆరుగురు ఆటగాళ్లు బెల్జియం దేశానికి వెళ్లారు. మన దేశం జట్టుగా వెళ్లడం అదే మొదటిసారి. వాళ్లలో ఫడేప్ప చౌగులే ఒకడు. అతను 42 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. మార్కాపురంలో బయలుదేరి, కంభం దాటి, గిద్దలూరు దారిలో ఇంకా కొంత దూరం పోయినట్టు! అతనికి 19వ స్థానం వచ్చింది.

ఆరుగురిలో ఒక్కరికీ పతకం రాలేదు. అయినా దారి పడింది. ఎనిమిదేళ్లకు, 1928లో, మన హాకీ జట్టు బంగారు పతకం తెచ్చింది.

నలుగురు ఆడపిల్లలు

1947లో మనకు స్వతంత్రం వచ్చింది. 1952లో ఒలింపిక్స్ ఫిన్లాండ్ దేశంలో జరిగాయి. స్వతంత్ర భారతం తరఫున మొదటిసారి నలుగురు ఆడవాళ్లు వెళ్లారు. నీలిమా ఘోష్, మేరీ డిసౌజా పరుగు పందేలకు వెళ్లారు. డాలీ నజీర్, ఆరతి సాహా ఈత పోటీలకు వెళ్లారు.

నీలిమకు 17 ఏళ్లు. ఆరతికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. తల్లి లేని పిల్ల. మన ఊళ్లో ఆ వయసు పిల్ల ఆరో తరగతో, ఏడో తరగతో చదువుతుంటుంది. ఆ పిల్ల అంత దూరం వెళ్లి, పెద్దవాళ్లతో పోటీపడి ఈదింది.

వెళ్లడం తేలిక కాలేదు. కొత్త దేశం. సర్కారు దగ్గర డబ్బు తక్కువ. మేరీ డిసౌజా కోసం స్నేహితులు కార్యక్రమాలు పెట్టి డబ్బు పోగుచేశారు. అదే ఏడు ఖాశాబా జాదవ్ అనే కుస్తీవీరుడికి ఊరివాళ్లు చందాలిచ్చారు. అతను చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడువేల రూపాయలు ఇచ్చాడు. జాదవ్ కంచు పతకంతో తిరిగొచ్చాడు. ఊరివాళ్లు నూటికి పైగా ఎడ్లబండ్లు కట్టుకుని అతనికి ఎదురెళ్లారు.

ఆ నలుగురు ఆడపిల్లలు మాత్రం మొదటి పోటీలోనే ఆగిపోయారు. ఒక్క పతకం కూడా రాలేదు. అంత ఖర్చుపెట్టి ఎందుకు పోయినట్టు అని ఎవరైనా అనవచ్చు. తర్వాత ఏమైందో వినండి.

రెండేళ్లు తిరిగేసరికి, 1954లో ఆసియా దేశాల పోటీలు జరిగాయి. నలుగురు ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తే పందెంలో మన ఆడవాళ్లు బంగారు పతకం గెలిచారు. ఆ నలుగురిలో మేరీ డిసౌజా ఉంది.

ఆరతి ఈత మానలేదు. ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమ సముద్రం ఉంది. 1959 ఆగస్టులో దాన్ని ఈదబోయింది. ఎదురు ప్రవాహం ఈదనివ్వలేదు. ఓడిపోయింది. సెప్టెంబరు 29న మళ్లీ దిగింది. చల్లటి నీళ్లలో పదహారు గంటలకు పైగా ఈది ఒడ్డు చేరింది. ఆసియా ఖండంలో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమే. మరుసటి ఏడు ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు.

మన తెలుగు బిడ్డలు

ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడవాళ్లకు మొదటి పతకం రావడానికి 2000 దాకా పట్టింది. అది తెచ్చింది తెలుగు బిడ్డే. ఆమె కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆమె ఊరు. బరువులెత్తే పోటీలో ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు ఎత్తింది. 130 కిలోలంటే రెండు సిమెంటు బస్తాలు, పైన ఇంకో ముప్ఫై కిలోలు! ఆడపిల్లకు బరువులెందుకని ఆమె తల్లి శ్యామల అనలేదు. అండగా నిలబడింది.

2024లో వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి కంచు పతకం గెలిచింది. అది దివ్యాంగుల కోసం జరిగే పారాలింపిక్స్‌లో, 400 మీటర్ల పరుగులో. ఆమె తల్లిదండ్రులు కూలి చేసుకునేవాళ్లు. చిన్నప్పుడు ఆ పిల్లను ఊళ్లో కొందరు ఎగతాళి చేశారు.

మన సంగతి

మార్కాపురం పలకల ఊరు. పలక మీద మొదట రాసిన 'అ' వంకరగానే వస్తుంది. వంకరపోయిందని పలక పక్కన పెట్టి ఉంటే, ఈ రోజు మీరు ఈ పుస్తకం చదివేవాళ్లు కాదు. ఆటల్లో మన దేశం కూడా అట్లాగే నేర్చుకుంది.

మన పడమటి పల్లెల ఆడపిల్లలకు బలం తక్కువా? బిందెలు మోస్తారు. పత్తి తీస్తారు. మిరపకాయలు కోస్తారు. బడిలో పరుగు పందెం పెడితే మాత్రం, "ఆడపిల్లకు ఆటలేంది? ఎండకు నల్లబడితే ఎవరు చేసుకుంటారు?" అంటాం. పిల్ల అక్కడే ఆగిపోతుంది.

భయం ఉండటం తప్పు కాదు. పొరుగూరు పంపాలంటే ఏ తల్లికైనా భయమే. బడికి పోయి అడగండి. పిల్లల వెంట టీచరమ్మ ఎవరు పోతున్నారు? రాత్రి ఎక్కడ ఉంచుతారు? ఎప్పుడు తిరిగొస్తారు? ముగ్గురు నలుగురు తల్లులు మాట్లాడుకుని పిల్లల్ని కలిపి పంపండి. వీలైతే ఒక తల్లి తోడు పోవచ్చు.

పోయిన ప్రతి పిల్లా పతకం తేదు. చాలామంది ఓడిపోయే వస్తారు. కానీ ఊరు దాటిన పిల్లకు ధైర్యం వస్తుంది. ఆమెను చూసి వెనక ఇంకో పిల్ల బయలుదేరుతుంది.

పోటీలకు తీసుకుపోయే ముందు బడివాళ్లు ఒప్పుదల కాగితం పంపితే, ఇదివరకు ఇంకొకరు చదివి చెప్పేవాళ్లు. మీరు వేలిముద్ర వేసేవాళ్లు. ఇప్పుడు ఆ కాగితం మీరే చదవండి. అడగాల్సింది అడగండి. సంతకం మీరే పెట్టండి.

కలిసి మాట్లాడుకోండి

1. 1952లో వెళ్లిన నలుగురు ఆడవాళ్ల పేర్లు రాయండి.
2. ఆరతి సాహా ఒకసారి ఓడాక ఏం చేసింది?
3. మీ ఊరి బడిలో ఆడపిల్లలు ఆడుకోవడానికి చోటు ఉందా? లేకుంటే ఎవరిని అడగాలి?