కాలేజీ చదువులు - పిల్లల మనసులు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు యిచ్చిన అంశము "విద్యాభివృద్ధి". ప్రతి యేడూ యీ వేదిక మీద మార్కులు తెచ్చుకున్న పిల్లలకు షీల్డులు యిస్తాము, చప్పట్లు కొడతాము, బిర్యానీ తిని యిళ్ళకు పోతాము. షీల్డు పుచ్చుకొన్న పిల్లవాడు రెండేళ్ళ తరువాత యెట్లా వున్నాడో యెవరమూ అడగము. మేమూ అడిగింది లేదు. అందుకని ఈసారి అంశాన్ని కొంచెం పక్కకు జరిపి మాట్లాడదలిచాము. పెద్దలు మన్నించాలి.

మా దగ్గర ఉర్దూ మీడియములో చదువుకొన్న కుర్రవాడొకడున్నాడు. పేరు చెప్పము, ఏ వీధో కూడా చెప్పము. తండ్రి తోపుడుబండి మీద పండ్లు అమ్ముతాడు. 2007లో మనకు వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ పుణ్యమా అని ఆ కుర్రవాడికి ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆ యింట్లో అంతదూరం చదువుకు పోయినవాడు అతనే మొదలు. పోయిన యేడాదే బక్రీద్‌కు యింటికి వచ్చి తిరిగి వెళ్ళనన్నాడు. గోడవైపు తిరిగి పడుకొనేవాడు. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు, అంతే. రాత్రి నిద్ర లేదు, పగలు లేవడు. తల్లి భయపడి మా యింటికి తీసుకొచ్చింది.

మేము యేమన్నాము? "ఐదు పూటలా నమాజు చెయ్యి బాబూ, మనసు కుదుటపడుతుంది. మీ అబ్బా యెండలో బండి తోస్తున్నాడు, ఆయన మొహం చూసైనా చదువుకో" అన్నాము. "అలాగే సార్" అని తలవంచుకొని వెళ్ళాడు. రెండురోజుల్లో రైలెక్కాడు కూడా. మంచి మాట చెప్పామని మేము సంతోషించాము.

చాలా నెలల తరువాత అతనే చెప్పాడు: "సార్, నేను నమాజు మానలేదు. సజ్దాలో ఏడుస్తూనే వున్నాను. మీరు అబ్బా కష్టం యెత్తేసరికి నేను బతికి వుండటమే ఆయనకు బరువు అనిపించింది." ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. హాస్టల్లో అతని గదిలో వుండే సీమ కుర్రవాడొకడు, మన మతంవాడు కాదు, యితను పుస్తకాలు తలా ఒకటి పంచిపెట్టేస్తున్నాడనీ, అందరికీ క్షమించమని చెబుతున్నాడనీ గమనించాడు. "చచ్చిపోవాలనుకుంటున్నావా?" అని సూటిగా అడిగాడు. రాత్రంతా పక్కన కూర్చొని తెల్లవారి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. నలభై యేళ్ళు దాటిన పంతులుకు తోచని ప్రశ్న ఇరవై యేళ్ళ కుర్రవాడికి తోచింది.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మనలో ఒక భయం. అది నిజం కాదని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. అడిగితే లోపల మూసిపెట్టుకున్నవాడికి ఊపిరి వస్తుంది.

మన పిల్లల కష్టం కొంత మేము యెరుగుదుము. పదో తరగతి దాకా ఉర్దూలో లెక్కలు చేసినవాడు అక్కడ అన్నీ ఇంగ్లీషులో వింటాడు. అర్థం కాలేదని లేచి అడగలేడు, అడిగితే నవ్వుతారని సిగ్గు. ఇంటికి ఫోన్ చేస్తే "బాగా చదువుతున్నావా బేటా?" అని ఒకటే ప్రశ్న. దానికి "హా అబ్బా" అని ఒకటే జవాబు. మొదటి తరం చదువరి మీద ఇల్లంతా ఆశ పెట్టుకుంటుంది. ఆ ఆశే వాడికి మోయలేనంత బరువవుతుంది.

లెక్క కూడా చెబుతాము. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణం తామే తీసుకున్నారు. వారిలో 2,248 మంది విషయంలో కారణము పరీక్ష తప్పడమని ప్రభుత్వ లెక్కలో వ్రాశారు. మిగిలినవారి సంగతి? అందరినీ మార్కుల ఖాతాలో వేయడానికి లేదు గదా.

కొందరు పెద్దలు "ఈమాన్ గట్టిగా వుంటే యిదంతా వుండదు" అంటారు. మేమూ మొన్నటిదాకా అన్నవాళ్ళమే. యూసుఫ్ అలైహిస్సలామ్ కోసం యాఖూబ్ అలైహిస్సలామ్ చూపు పోయేటంతగా దుఃఖించారని ఖురాన్‌లోనే వుంది. ఆయన ఈమాన్ తక్కువా? ఖదీజా బీబీ, అబూ తాలిబ్ ఒకే యేట పోయిన ఆ సంవత్సరానికి "దుఃఖ సంవత్సరము" అనే పేరు నిలిచిపోయింది. తొమ్మిది, పదో శతాబ్దాలలో అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు శరీరానికి, మనసుకు కలిపి ఒకే ఆరోగ్య గ్రంథము వ్రాశాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియకుండా మనిషిని క్రుంగదీసే దిగులు వేరు అని వెయ్యేళ్ళ క్రిందటే విడదీసి చెప్పాడు. బయటినుంచి మంచి మాట సాయం వుండాలని, లోపల ఆలోచన మార్చుకోవడమూ వుండాలని అన్నాడు. అంటే కౌన్సెలింగ్ మనకు క్రొత్త కాదు. మనమే మరచిపోయాము.

కౌన్సెలర్ అంటే వాజ్ చెప్పేవాడు కాదు. ముందు వింటాడు. నిద్ర యెట్లా వుంది, ఆకలి యెట్లా వుంది, ఎప్పటినుంచి, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడుగుతాడు. చెప్పింది బయటపెట్టడు, ప్రాణానికే ప్రమాదమని తోస్తే తప్ప. ఒక్కసారితో అయ్యే పని కాదు, కొన్ని వారాలు వెళ్ళవలసి వుంటుంది. మందులు అవసరమైతే మానసిక వైద్యుడు వ్రాస్తాడు. అవి పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మన కుర్రవాడు పదిరోజులకే "గుణం లేదు" అని మానేయబోతే ఆ సీమ కుర్రవాడే పట్టుపట్టి వేయించాడు. ఒక యేడాది పోయింది నిజమే. ఇప్పుడు మళ్ళీ పరీక్షలు వ్రాస్తున్నాడు.

తావీజు కట్టించవద్దని, దర్గాకు పోవద్దని మేము అనము. ఎవరి విశ్వాసం వారిది. కానీ ఒక్క సంగతి. 1974లో వంతెన మీద బస్సులు తిరగడం మొదలైన తరువాత రాజమండ్రి మనకు పక్క వీధి లెక్క అయింది. జ్వరం వస్తే వంతెన దాటుతాము, పన్ను నొప్పి అయితే దాటుతాము, పెళ్ళిబట్టలకు నాలుగుసార్లు దాటుతాము. మనసు బాగుండకపోతే మాత్రం తలుపు వేసుకుంటాము. అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి 2023లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి కూడా అయింది. అక్కడికి వెళ్ళినంత మాత్రాన పిచ్చివాడన్న ముద్ర వేసేది డాక్టర్లు కాదు, మనమే.

పోలీసు కేసు అవుతుందనే భయం మరొకటి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయినవాడిని తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాడుగా భావించి ఆదుకోవాలే గాని శిక్షించకూడదు. దాచిపెట్టి ఆలస్యం చేయకండి.

ఇక కాలేజీల సంగతి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన 17 యేళ్ళ బెంగాలీ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి కోర్టులకెక్కాడు. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ వర్తించే 15 సూత్రాలు యిచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఒకరైనా వుండాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం కూడదు. సహాయ ఫోన్ నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టాలి. యూనివర్సిటీ విద్యార్థుల విషయం చూడడానికి అదే సంవత్సరం మార్చిలో విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్‌గారి అధ్యక్షతన ఒక జాతీయ కార్యదళాన్ని కూడా సుప్రీంకోర్టు వేసింది.

కాగితం మీద వున్నది గదిలో వుంటుందని హామీ లేదు. అడిగేవాడుంటేనే వుంటుంది. మీ పిల్లను చేర్చేటప్పుడు ఫీజు యెంత, మెస్ బిల్లు యెంత అని అడుగుతారు. కౌన్సెలర్ యెవరు, ఏ గదిలో కూర్చుంటారు, ఏ వేళకు దొరుకుతారు అని కూడా అడగండి. ఆడపిల్లలకైతే లేడీ కౌన్సెలర్ వున్నారా అని అడగండి. అంతదాకా 14416 అనే నంబరు వ్రాసుకోండి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. రాత్రింబగళ్ళు పలుకుతుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులూ చేయవచ్చు.

సంఘం కార్యదర్శిగారికి ఒక మనవి. మన స్కాలర్‌షిప్పు ఫారంలో మార్కుల గడి ఒకటే వున్నది. ఏడాదికి రెండుసార్లు స్కాలర్‌షిప్పు తీసుకొన్న ప్రతి పిల్లవాడికీ మనలో ఒకరు ఫోన్ చేసి మార్కులు తప్ప మిగతావన్నీ అడగాలని మా కోరిక. కోశాధికారిగారు కంగారుపడనవసరం లేదు, దీనికి డబ్బు ఖర్చు కాదు. మొదటి పదిమందికి మేము చేస్తాము.

ఆ కుర్రవాడిని కూడా యీ సభకు రమ్మన్నాము, నీ నోటితోనే చెప్పు అన్నాము. ఫోన్‌లో కొంచెంసేపు మాట్లాడలేదు. "మీరే చెప్పండి సార్. పేరు మాత్రం వద్దు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు" అన్నాడు.

సెలవు. ఖుదా హాఫిజ్.