ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే దింపుకోవడం: పాత హోండా అకార్డ్

పోయిన ఎపిసోడ్‌లో బ్రేక్ ప్యాడ్లు మార్చాం కదా, ఇవాళ అంతకంటే కొంచెం పెద్ద పని. ఇక్కడ అమెరికాకి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది పాత హోండాలే కొంటారు. లక్షన్నర మైళ్లు తిరిగిన బండి, ముందు ఓనరు ఏం చేశాడో తెలీదు. ఒకరోజు గేరు మారేటప్పుడు దడేల్మని కుదుపు, లేదంటే డ్యాష్‌బోర్డు మీద డీ లైటు మిణుకుమిణుకుమంటుంది. షాపుకి తీసుకెళ్తే గేర్‌బాక్స్ మార్చాలంటారు. ఆ ఎస్టిమేటు చూస్తే దాదాపు బండి కొన్న ధరంత ఉంటుంది. నేననేది ఏంటంటే, దానికి సరేననే ముందు లోపలి ఆయిల్ ఒకసారి దింపి చూడండి.

నేను చెప్పేది 2003 నుంచి 2007 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డ్, ఐదు గేర్ల ఆటోమేటిక్ గురించి. 2013 నుంచి నాలుగు సిలిండర్ల అకార్డ్ ఆటోమేటిక్ అంటే ఎక్కువగా సీవీటీ, సివిక్‌లో 2014 నుంచి. వాటి ఆయిల్ వేరే. అందులో ఇది పోశారో, బాగున్న గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది.

రెంచి పట్టుకునే ముందు డిప్‌స్టిక్ చూడాలి. బండి బాగా వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేసి 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. చాలా కంపెనీల బండ్లలో ఇంజిన్ నడుస్తుండగా చూస్తారు, హోండాలో ఆపి చూస్తారు. ఈమధ్య ఒక తమ్ముడు బండి తెచ్చాడు, షాపులో గేర్‌బాక్స్ పోయిందన్నారట. డిప్‌స్టిక్ తీస్తే చివర తడి కూడా లేదు! కిందకి చూస్తే చక్రానికి వెళ్లే యాక్సిల్ దగ్గర సీలు కారుతోంది. సీలు మార్చి ఆయిల్ నింపాక బండి మామూలుగా నడిచింది. అందరికీ ఇంత సులువుగా తేలుతుందని కాదు, కానీ చూడకుండా ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు బండి లేపడం. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాణం మీదకి వచ్చేది ఇక్కడే. ఈ బండికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలని. గేరు పీ లో పెడితే పట్టి ఉంచేది కూడా ముందు చక్రాలనే. ముందు భాగం గాల్లోకి లేపాక ఇక పీ వల్ల ఉపయోగం ఏముంది చెప్పండి? ఒక్క చక్రం లేపినా అంతే, డిఫరెన్షియల్ వల్ల ఆ పట్టు పోతుంది. అప్పుడు బండిని ఆపేది వెనక చక్రాలే. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. కాంక్రీటు నేల మీదే చేయండి, ఎండకి మెత్తబడే తారు మీద వద్దు. జాక్ లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టి బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడు కిందకి దూరండి. నేనైతే ఒక విడి చక్రం కూడా బండి కింద పడుకోబెడతాను. ఇది అతిజాగ్రత్త అనుకునేవాళ్లు అనుకోనివ్వండి. పొగగొట్టం అప్పటికే కాలుతూ ఉంటుంది, అది కాస్త చల్లారనివ్వండి. గోరువెచ్చని ఆయిల్ చాలు.

దింపే బోల్టు ఏదో సరిగ్గా గుర్తుపట్టండి. ఇంజిన్ ఆయిల్ బోల్టుకి 17 రెంచి పట్టే ఆరు మూలల తల ఉంటుంది. గేర్‌బాక్స్ బోల్టుకి నలుచదరం గుంట, అందులో ముప్పావు అంగుళంలో సగం, అంటే 3/8 అంగుళం రాచెట్ నేరుగా పడుతుంది. ఇంజిన్ ఆయిలే అనుకుని గేర్‌బాక్స్ ఖాళీ చేసి, పైనుంచి ఇంజిన్లో ఇంకో నాలుగు లీటర్లు పోసేవాళ్లున్నారు. రెండూ పోతాయి. ఇంకోమాట, దింపేముందే పైన నింపే దారి తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. కింద ఖాళీ చేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

దింపిన ఆయిల్‌ని కొలత గుర్తులున్న డబ్బాలోకి పోయండి. సుమారు రెండున్నర లీటర్లు రావాలి. తర్వాత రంగు చూడండి. కొత్తది ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగుకి మారితే పాతబడింది, అంతే. నల్లగా మారి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నాయి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఆ బండి ఇక నడపొద్దు. బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే భయం లేదు. వేళ్ల మధ్య రాస్తే గుచ్చుకునే ముక్కలుంటేనే గేర్‌బాక్స్ విప్పాల్సిన రోజు వచ్చిందని. కాలిన క్లచ్ కొత్త ఆయిల్ పోస్తే మళ్లీ మొలవదు.

బోల్టుకి కొత్త వాషర్ వేసి 36 ఫుట్-పౌండ్ల బిగింపు ఇవ్వండి. అది అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. సన్నటి పొడుగు గరాటుతో హోండా డీడబ్ల్యూ-1 ఆయిల్ రెండున్నర లీటర్లు పోయండి. మొత్తం లోపల ఆరున్నర లీటర్ల దాకా ఉంటుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, సందుల్లో ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు నడిపి ఇలాగే ఇంకో రెండుసార్లు చేస్తే నాలుగింట మూడొంతులకి పైగా కొత్తదవుతుంది. మెషీన్ పెట్టి ఒత్తిడితో కడిగించడం నాకిష్టం లేదు.

బండి కిందకి దించాక, బ్రేకు తొక్కి పట్టుకుని ఒక్కో గేరులోకి మార్చండి. చక్రాలు గాల్లో ఉండగా ఈ పని వద్దు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇంకా డీ లైటు వెలుగుతుంటే స్కానర్ పెట్టి కోడ్ చదవండి. పీ0730 అంటే గేరు జారుతోందని అనుమానం. ప్రెషర్ స్విచ్ కోడ్ అయితే సంతోషించండి. ఆ స్విచ్‌లు గేర్‌బాక్స్ బయటి నుంచే మారతాయి, అది వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. పాత ఆయిల్ మాత్రం డ్రైనేజీలో పోయకండి. మూతున్న డబ్బాలో పట్టుకెళ్తే చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో డబ్బులు లేకుండానే తీసుకుంటారు.