పాత ఆటల కంప్యూటరును పెంపుచేయు క్రమము



నల్లగొండ, మహబూబునగరము జిల్లాల గ్రామములలో నేఁడు అనేక గృహములందు ఆఱేడేండ్ల క్రిందట కొనిన కంప్యూటరు కలదు. మనుమఁడు దానిపై చదువుకొనును, ఆటలును ఆడుకొనును. కొత్త యాటలు దానిపై తడఁబడుచు నడచుచుండఁగా, "తాతా, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనియ్యవా" అని అడుగును. పత్తి యమ్మిన సొమ్ములో కొంత దీనికి వెచ్చింపవలయునా యనుట మీ యింటి విచారము. వెచ్చించిన సొమ్ము వ్యర్థము గాకుండు నుపాయమును మాత్రము నేను మనవిచేసెదను.

తెరపై కదలెడి యాట నిజమునకు వడివడిగా మాఱుచుండు బొమ్మల వరుస. ప్రతి బొమ్మకును ఇద్దఱు పనివారు కలరు. ఎవఁడెక్కడ నుండవలయును, ఏది యెటు కదలవలయును అని ప్రాసెసరు లెక్కించి యాజ్ఞ యిచ్చును. ఆ యాజ్ఞ ననుసరించి గ్రాఫిక్స్ కార్డు రంగులు నింపి బొమ్మ వ్రాయును. కార్డు ఒక బొమ్మ వ్రాయుచుండఁగా ప్రాసెసరు తరువాతి బొమ్మకు లెక్క కట్టుచుండును. కావున ఇరువురిలో నెవరు నెమ్మదియో వారి వేగమే యంత్రమునకు వేగము.

ఒక లెక్క చూడుఁడు. సెకనును వేయి పాళ్లు చేసినచో, ఒక్కొక్క బొమ్మకు ప్రాసెసరునకు 20 పాళ్లు, కార్డునకు 25 పాళ్లు పట్టుననుకొందము. సెకనుకు 40 బొమ్మలు వచ్చును. రెట్టింపు వేగము గల కార్డు పెట్టినచో దాని పని పండ్రెండున్నర పాళ్లలో ముగియును. ఐనను బొమ్మలు 80 కావు. ప్రాసెసరు 20 పాళ్లు తీసికొనుచునే యుండును గనుక 50 మాత్రమే వచ్చును. ఆశించిన వృద్ధి 40, దక్కినది 10.

పానగల్లు ఉదయసముద్రము నిండుగా నున్నను తూములో పట్టినంత నీరే కాలువ కెక్కును గదా! కాలువను వెడల్పు చేసిన మాత్రమున మడికి నీరు పెరుగదు. ఈ యిఱుకునే బాటిల్‌నెక్ అందురు, అనఁగా సీసా మెడ. ఒక భాగమును ఎంత వేగపఱచినను తక్కిన భాగము మొత్తమును నిలువరించునని 1967లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా దేశీయుఁడు వాదించెను. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపఁబడినదియు ఆ యేఁడే.

ఇఱుకెక్కడనో కనుఁగొనుటకు సులభమైన పరీక్ష కలదు. ఆటలో చిత్రపు రిజల్యూషనును తగ్గించి చూడవలయును. బొమ్మల సంఖ్య చక్కఁగా పెరిగినచో ఇఱుకు కార్డునందున్నది. ఇంచుమించు కదలకున్నచో ప్రాసెసరునందున్నది. విండోస్‌లోని టాస్క్ మేనేజరును కొలఁతలు చూపును. కార్డు నూటికి 95కు పైగా పనిచేయుచున్నచో కార్డే యిఱుకు. ఆటలో పరిమితి యేదియు పెట్టకున్నను కార్డు 60 దగ్గఱనే నిలిచినచో ప్రాసెసరును శంకింపవలయును. ఇచట నొక మోసము కలదు. ఆఱు కోర్‌లు గల ప్రాసెసరులో ఒక్కటి మాత్రమే మోయలేని బరువు మోయుచున్నను, మొత్తము లెక్క 30 అని చూపవచ్చును. కావున కోర్‌లను వేఱువేఱుగా చూడవలయును.

ఇఁక వ్యయక్రమము. మొదట ధూళి దులుపుఁడు. మన మెట్టసీమ వేసవి ధూళికి పంకాలు మూసికొనిపోవును. వేఁడెక్కిన ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. పిమ్మట ర్యాము. ఒకే పలక యున్నచో దానికి జతయైన రెండవ పలకను చేర్చిన మేలు. ఎస్.ఎస్.డి. పెట్టినచో ఆట త్వరగా తెఱచుకొనునే గాని బొమ్మల సంఖ్య అంతగా పెరుగదు.

ప్రాసెసరు మార్చుటకు మదర్‌బోర్డు ఒప్పుకొనవలయును. ఇంటెల్ వారి 6, 7 తరముల బోర్డులకును 8వ తరపు ప్రాసెసరునకును సాకెటు సంఖ్య 1151 యే. ఐనను ఆ బోర్డులకు ఇంటెల్ వారు 8వ తరమును అనుమతింపలేదు. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.4 బోర్డులు వేఱు. 2017 నాఁటి బోర్డులలో పెక్కింటికి బయాస్ నవీకరించినచో 2022లో వచ్చిన రైజెన్ 5 5600 సరిపడును. డి.డి.ఆర్.3 గాడిలో డి.డి.ఆర్.4 పలక దూఱదు. కొత్త కార్డునకు పవర్ సప్లైలో చాలినన్ని వాట్లు, పెట్టెలో చాలినంత చోటు ఉండవలయును.

విండోస్ 10నకు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసెను. విండోస్ 11 సాధారణముగా ఇంటెల్ 8వ తరము, రైజెన్ 2000 వరుస మొదలుగాఁ గల యంత్రములనే కోరును. అంతకంటె పాతదానిపై పెద్దసొమ్ము పెట్టుట యుచితము కాదు; ఆ సొమ్మును కొత్త యంత్రమునకై దాఁచుట మేలు.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు అంగళ్లకు పోవునపుడు బోర్డు, ప్రాసెసరు, ర్యాము, పవర్ సప్లై పేర్లను చీటిపై వ్రాసికొని పోవుఁడు. ఒక యిఱుకు తీఱినచో ఇఱుకు మఱియొక చోటికి జరుగును. అది యెన్నఁటికిని పూర్తిగా పోవునది కాదు. సామాన్యమైన తెర సెకనుకు 60 బొమ్మలే చూపును. అంత లభించినచో అచట నాఁగుట వివేకము.

కావున మనుమఁడు అడిగినపుడు కసరుకొనకుఁడు. "బిడ్డా, ఇరుకు ఎక్కడున్నదో చూపు" అని యడుగుఁడు. వాఁడు కొలిచి చూపఁగలిగినచో, సొమ్మునకు దారి తెలియుటయే గాక, వానికి తర్కమును అలవడును. వాని మాట మీరు వింటిరను తృప్తియు వానికి మిగులును.