పెన్సిలు మీద ఎవరి పేరు? కుందేలు ఎవరిది?



అమెరికా దేశంలో పాత సామాన్లు పోగుచేసి దాచుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పెట్టెల్లో ఒక రకం పెన్సిళ్ళు కనిపిస్తాయి. చూడ్డానికి మామూలు పెన్సిలే. కానీ దాని ఒంటి మీద 'కోకా-కోలా తాగండి' అని ఇంగ్లీషులో అచ్చు కొట్టి ఉంటుంది. పెన్సిలుకీ, సీసాలో తాగే సోడాకీ ఏం సంబంధం?

ఉంది. కోకా-కోలా 1886లో అట్లాంటా అనే ఊళ్ళో పుట్టింది. అప్పుడు గ్లాసు 5 సెంట్లు. మనకి పైసలు ఎట్లాగో వాళ్ళకి సెంట్లు అట్లాగ. దాదాపు 70 ఏళ్ళు ఆ ధర అంతే ఉంది. ధర పెరగనప్పుడు తాగేవాళ్ళన్నా పెరగాలి కదా! అందుకని ఆ సోడా నింపి అమ్మే వ్యాపారులు బడిపిల్లలకి పెన్సిళ్ళు, నోటుపుస్తకాలు ఊరికే పంచారు. 1925 నుంచి స్కేళ్ళు కూడా పంచారు. బడికి పోయే బిడ్డ రోజంతా పట్టుకునేది పెన్సిలే. లెక్క చేసినా, బొమ్మ గీసినా, ఏమీ తోచక కొరుకుతూ కూచున్నా కళ్ళ ముందు ఆ పేరే. దీన్నే ప్రకటన అంటారు.

మీ ఊళ్ళో కిరాణా కొట్టు బోర్డు ఒకసారి చదవండి. కొన్నిచోట్ల సోడా కంపెనీ పేరు గజమెత్తు ఉంటుంది. కొట్టు పేరు మూలన ఇంత ఉంటుంది. ఆ బోర్డు డబ్బులు ఎవరు పెట్టుకున్నారో చెప్పక్కర్లేదు.

పెన్సిలు మీద రాతకి ఇంకో చిక్కు ఉంది. చెక్కేకొద్దీ అక్షరాలు పోతాయి. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లలకి కొన్ని పెన్సిళ్ళు ఇచ్చారు. 'మేం గొప్పవాళ్ళం, మత్తుమందులు వాడం' అని అర్థం వచ్చే మాట వాటి మీద ఉంది. చెక్కుతూ పోతే ముందు మాటలు ఒక్కొక్కటే పోయి, చివరికి 'మత్తుమందులు వాడు' అని మిగిలింది! అచ్చు వేసిన పెద్దవాళ్ళు చూసుకోలేదు. నాలుగో తరగతి చదివే బిడ్డ చదివి పట్టుకుంది. పెన్సిళ్ళన్నీ వెనక్కి తీసుకున్నారు.

సరే, పైన ఎవరి పేరున్నా పెన్సిలు పెన్సిలే. లోపలి నల్ల పుల్లని చాలామంది సీసం అనుకుంటారు. అది సీసం కాదు. గ్రాఫైట్ అనే నల్లటి ఖనిజం పొడిలో బంకమన్ను కలిపి కాలుస్తారు. మన్ను ఎక్కువైతే పుల్ల గట్టిపడుతుంది, గీత పల్చగా పడుతుంది. మన్ను తగ్గితే గీత నల్లగా పడుతుంది.

ఇప్పుడు ఒక కుందేలు గీద్దాం. "మాకు బొమ్మలు రావమ్మా" అనొద్దు. సంక్రాంతి ముగ్గు వేసే చెయ్యి మీది. పైగా తెలుగు అక్షరాలన్నీ గుండ్రమే. ముందు పెద్ద సున్న చుట్టండి. అది తల. దాని కింద కొంచెం కోలగా ఇంకో సున్న. అది పొట్ట. తల మీద రెండు పొడుగు చెవులు, చిక్కుడుకాయల్లాగ. కళ్ళు కావాలా? 'ఠ' రాయండి. లోపలి చుక్క కంటిపాప అవుతుంది, తలకట్టు కనుబొమ్మ అవుతుంది! ముక్కుకి ఒక చుక్క, నోటికి వంకర గీత. పెన్సిలు బిగించి పట్టుకోవద్దు. అప్పుడప్పుడే రాయడం నేర్చినవాళ్ళు గొడ్డలి పట్టినట్టు పడతారు, వేళ్ళు నొప్పి పుడతాయి. ముందు తేలిగ్గా గీసి, బాగుంది అనుకున్న గీతని తర్వాత ఒత్తి దిద్దండి.

ఇట్లాంటి కుందేలు ఒకటి పేరు మోసింది. దాని పేరు ఓస్వాల్డ్. 1927లో లాస్ ఏంజిలిస్ అనే ఊళ్ళో వాల్ట్ డిస్నీ, ఆయన స్నేహితుడు అబ్ ఐవర్క్స్ కలిసి దాన్ని తయారుచేశారు. వాళ్ళు తీసేవి బొమ్మల సినిమాలు. బొమ్మ కదలాలంటే ఒక్క బొమ్మ చాలదు. కాలు కొంచెం ఎత్తిన బొమ్మ ఒకటి, ఇంకొంచెం ఎత్తింది ఇంకోటి. ఒక్క నిమిషానికి వందల బొమ్మలు. అన్నీ ముందు పెన్సిలుతోనే. ఆ గీతల మీద పల్చటి రేకు పెట్టి సిరాతో దిద్దే పని ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవాళ్ళు. డిస్నీ భార్య లిలియన్ కూడా పెళ్ళికి ముందు ఆ పనికే చేరింది.

కుందేలు జనానికి తెగ నచ్చింది. 1928లో డిస్నీ, భార్యని వెంటబెట్టుకుని న్యూయార్క్ వెళ్ళాడు. ఆ సినిమాల వ్యాపారం చూసే చార్లెస్ మింట్జ్‌ని కలిశాడు. ఒక్కో సినిమాకి కాస్త ఎక్కువ డబ్బు ఇమ్మని అడిగాడు. మింట్జ్ ఎక్కువ ఇవ్వకపోగా ఇంకా తక్కువకే చెయ్యమన్నాడు. డిస్నీ దగ్గర బొమ్మలు గీసేవాళ్ళలో చాలామందిని అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు. పోనీ, కుందేలు అన్నా డిస్నీదేనా? కాదు. ఒప్పంద కాగితం ప్రకారం అది యూనివర్సల్ అనే సినిమా కంపెనీ సొత్తు. గీసినవాళ్ళకి దాని మీద హక్కు లేదు.

డిస్నీ వేలిముద్ర మనిషి కాదు. చదువొచ్చినవాడు, సంతకం పెట్టినవాడు. మింట్జ్ దొంగదెబ్బ తీశాడు అంటారు చాలామంది. మనుషుల్ని లాక్కోవడం దొంగదెబ్బే. కుందేలు సంగతి మాత్రం ముందునుంచీ కాగితం మీద ఉంది. కష్టమంతా అక్కడే.

ఐవర్క్స్ మాత్రం డిస్నీని వదిలిపోలేదు. ఇద్దరూ కలిసి మళ్ళీ పెన్సిలు పట్టారు. పొడుగు చెవులు తీసేసి రెండు గుండ్రటి చెవులు, సన్నటి పొడుగు తోక పెట్టారు. అదే మిక్కీ మౌస్. డిస్నీ ముందు మోర్టిమర్ అని పేరు పెడతానంటే, లిలియన్ వద్దని మిక్కీ అని పెట్టించిందని చెబుతారు. 1928 నవంబరు 18న ఆ ఎలుక మోతతో, పాటతో సినిమా తెర మీదికి వచ్చింది. ఈసారి హక్కు డిస్నీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఓస్వాల్డ్ ఏమైంది? 78 ఏళ్ళు పరాయి పంచనే ఉంది. 2006లో డిస్నీ కంపెనీ, టీవీలో ఆటల వ్యాఖ్యానం చెప్పే ఒకాయన్ని అటు వదిలి, కుందేలుని ఇటు తెచ్చుకుంది. మనిషిని ఇచ్చి కుందేలుని తీసుకున్నారన్నమాట! అప్పటికి వాల్ట్ డిస్నీ పోయి దాదాపు 40 ఏళ్ళు. 2023 జనవరి 1తో 1927 నాటి ఓస్వాల్డ్ సినిమాలకి అమెరికాలో హక్కుల గడువు కూడా తీరింది.

ఇందాక మీరు గీసిన కుందేలు ఉంది కదా. దాని పక్కనే ఇంకో రెండు సున్నలు చుట్టి, చెవులు గుండ్రంగా పెట్టి చూడండి. ఎలుక వచ్చిందా? రెంటి కిందా మీ పేరు, ఊరి పేరు, తేదీ రాయండి. వచ్చే వారం కేంద్రానికి తెచ్చి గోడకి అంటించండి.